మూసిపెట్టిన గొంతు

కర్లూ బోరు
మార్చి 4, 1997

మరదలా,

రెండేళ్ళ తర్వాత ఉత్తరం రాస్తూ "నేను క్షేమం, నువ్వు క్షేమమా" అని మొదలుపెడితే నువ్వు నవ్వుతావు. అందుకే సరాసరి పనిలోకి వస్తున్నాను. మన ఆదివాసీల రేడియోకి ఈ అక్టోబరుకి పన్నెండేళ్ళు నిండుతాయి. లైసెన్సు మళ్ళీ ఇవ్వాలంటే స్టేషను చరిత్ర పది పేజీల్లో రాసి పంపమని పైనుంచి కాగితం వచ్చింది. కౌన్సిల్లో ట్రెవర్ అని కొత్తగా ఒక తెల్లాయన చేరాడు. మంచివాడే. ఎండకు ముక్కు మీద తోలంతా లేచిపోయింది. టైపు మిషను పట్టుకుని నా వెంట పడుతున్నాడు. మొదలుపెట్టిందెవరు ఆంటీ, మొదటి పాట పాడిందెవరు ఆంటీ అంటాడు. నేను ఎండిపోయిన వాగు వైపు చూస్తూ నిలబడతాను.

ఎవరో చెప్పేసినట్టున్నారు, నిన్న మా తమ్ముడి పేరు టైపు కొట్టి మరీ తెచ్చాడు. పోయినవాళ్ళ పేరు పలకకూడదని, గొంతు వినకూడదని అతనికేం తెలుసు. పేజీకి పది చోట్ల ఉంది. నేను నల్ల సిరాతో అన్నీ కొట్టేశాను. మా తమ్ముడు లేకుండా ఆ చరిత్ర ఎలా రాయాలో నాకు తెలియదు, వాడి పేరు పెట్టి ఎలా రాయాలో అంతకంటే తెలియదు.

లారీ ఆయన నీకు గుర్తున్నాడు కదా. పోయినవాడి పేరే తనకూ ఉన్న పాపానికి రెండేళ్ళుగా ఊరంతా ఆయన్ని కుమాంజయి అనే పిలుస్తోంది. పోయినవాళ్ళ పేరున్న వాళ్ళందరికీ అదే పేరు కదా, ఇప్పుడు ఊళ్ళో ముగ్గురున్నారు, ఒకణ్ణి పిలిస్తే ముగ్గురూ పలుకుతున్నారు. మొన్న టైర్లకి గాలి కొట్టుకుంటూ, "నా పేరు నాకెప్పుడిస్తారమ్మా? చచ్చింది ఆయనో నేనో నాకే అనుమానం వస్తోంది" అన్నాడు.

రేడియో మొదటి రోజుల సంగతులు నీకే బాగా గుర్తు. రాసి పంపు. కిడ్నీ మిషను మీద ఇంకా వారానికి మూడుసార్లు కూర్చుంటున్నావా?

డల్సీ

*

అడిలైడ్
మార్చి 20

వదినా,

నీ కవరు విప్పగానే ఒళ్ళో కాస్త ఎర్రదుమ్ము రాలింది. తుడవబుద్ధి కాలేదు. అలాగే ఆసుపత్రికి వెళ్ళాను.

ట్రెవర్‌కి ఇలా చెప్పు. మొదట అది స్టేషను కాదు, క్లినిక్కు వెనక బట్టలుతికే రేకుల గది. ఒక ట్రక్కు బ్యాటరీ, నీళ్ళ ట్యాంకు మీద నుంచి కట్టిన తీగ, రెండు గిటార్లు. ఒక గిటారుకి నాలుగే తీగలుండేవి. రేడియో ఇరవై కిలోమీటర్లు వినపడేది. గాలి ఉత్తరం నుంచి వీస్తే ఇంకాస్త దూరం పోతుందని మనవాళ్ళ నమ్మకం. పాటలన్నీ మన నాన్నలు పశువుల ఫారాల్లో గుర్రాల మీద తిరుగుతూ నేర్చుకున్నవే. గుర్రం చచ్చిపోయినవాడి పాట, వానకోసం ఎదురుచూసేవాడి పాట, ఇంటికి పోలేనివాడి పాట. తెల్లవాళ్ళ పాటలు మీకెందుకని చర్చి పాస్టరు అడిగితే మా నాన్న, "ఇల్లు పోయినవాడి పాట ఎవడు కడితేనేం? మనకు తెలిసిన సంగతే కదా" అన్నాడు. ఈ మాట చరిత్రలో రాయమను.

పాట మూడు నిమిషాలు, అది ఎవరెవరికి అంకితమో చెప్పడం ఆరు నిమిషాలు. ఒకసారి క్వీనీ పెద్దమ్మ పేరు జారిపోయింది. ఆమె వచ్చి రేకుల మీద పెనం విసిరింది. ఆ చప్పుడు కూడా రేడియోలో వచ్చింది. మర్నాడు ఆమెకు ఒక్కదానికే మూడు పాటలు వేశారు.

నా సంగతి రాయడానికి ఏమీ లేదు. నేను టీ కాచేదాన్ని. మొదలుపెట్టిందెవరంటే ఊరే మొదలుపెట్టిందని రాసుకోమను.

వారానికి మూడుసార్లే. నాలుగేసి గంటలు. రక్తం గొట్టాల్లోంచి బయటికి పోయి తిరిగి వస్తుంటుంది. నేను కళ్ళు మూసుకుంటే మన వాగు ఇసుకలో నడుస్తుంటాను. ఇసుక వెచ్చగా ఉంటుంది. టీ రోజుకి రెండు చిన్న కప్పులే తాగనిస్తారు.

ఆల్మా

*

కర్లూ బోరు
ఏప్రిల్ 15

మరదలా,

నీ ఉత్తరం ట్రెవర్ మూడుసార్లు చదివించుకున్నాడు. పెనం సంగతి దగ్గర నవ్వి కుర్చీలోంచి జారాడు. క్వీనీ పెద్దమ్మకి చదివి వినిపిస్తే, అది పెనం కాదు, బకెట్టు మూత అంది. చరిత్రంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

ఇంక చుట్టూ తిరగను. మా తమ్ముడి గొంతున్న టేపులు నలభై మూడు, నా మంచం కింద రేకు పెట్టెలో ఉన్నాయి. తాళం వేసి రెండేళ్ళయింది. కొన్ని ఇళ్ళల్లో ఏడాదికే గొంతు తెరుస్తారు. కొందరు పదేళ్ళయినా తెరవరు. ఎవరి బాధ వాళ్ళది. అక్కచెల్లెళ్ళం మేం సరే అనుకున్నాం. కానీ ముందు మాట భార్యది. నువ్వు అవునంటే పెట్టె తెరుచుకుంటుంది, పేరు తెరుచుకుంటుంది. కాదంటే కాదు. అక్టోబరు పన్నెండున, మొదటి రోజు పెట్టిన గంటకే, వాడి పాట ఒకటి వెయ్యాలని ఊరి కోరిక. వేసవిలో ఈ రేకుల కింద టేపులు ఎన్నాళ్ళుంటాయో నాకు తెలియదు.

నువ్వు ఫోన్ చెయ్యొద్దు. ఫోన్లో నేను అడ్డదిడ్డంగా మాట్లాడతాను. రాయి.

డల్సీ

*

అడిలైడ్
మే 2

వదినా,

ఇక్కడ చలి మొదలైంది. మా కిడ్నీ రోగుల హాస్టలు వాళ్ళు మమ్మల్ని వ్యానులో సముద్రం దగ్గరికి తీసుకెళ్ళారు. నీళ్ళు వస్తాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. నా రక్తం కూడా అదే పని చేస్తుంది కనుక నాకు కొత్తేమీ అనిపించలేదు. ఒడ్డున ఒక ముసలాయన చేపలు పడుతూ ఈల వేస్తున్నాడు. చాలాసేపు విన్నాను. ఏ పాటో తెలియలేదు.

పెట్టె సంగతి రాశావు. చదివాను.

పిల్లలకు ముద్దులు.

ఆల్మా

*

కర్లూ బోరు
మే 27

ఆల్మా,

నువ్వు అవుననలేదు, కాదనలేదు. ఎందుకో నాకు తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. ఇవాళ రాసేస్తాను.

వాడు పోయాక మనం పద్ధతి ప్రకారం ఇల్లు వదిలి వాగు ఒడ్డున ఏడుపు గుడారాల్లో ఉన్నాం. వారం రోజులు స్టేషను మూసే ఉంచాను. గదికి ఆకుల పొగ పెట్టాను, ఫోటో దించేశాను, టేపులన్నీ ఒక్కొక్కటీ చూసి ఏరి పెట్టెలో వేశాను. మిషన్లోనే ఉండిపోయే ఆ పొద్దుటి టేపు మాత్రం నాకు తట్టలేదు. పదేళ్ళుగా రోజూ ఆరింటికి దానంతటదే మోగేది. "తెల్లారింది, కర్లూ బోరు. లేవండి, టీ పెట్టండి." అది ఒక మనిషి గొంతన్న సంగతే అందరం మర్చిపోయాం. కోడి కూసినట్టే అనుకునేవాళ్ళం. ఎనిమిదో రోజు నేను మిషను ఆన్ చేసి పెట్టి గుడారానికి వచ్చేశాను.

మర్నాడు ఆరింటికి ఊళ్ళో ప్రతి రేడియోలో వాడు లేచాడు. గుడారాల్లోంచి ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి తీగ పీకేశాను. మాట సగంలో తెగిపోయింది. వెనక్కి వచ్చేసరికి నువ్వు నా మొహం చూడలేదు. నెల తిరక్కుండా నీ కిడ్నీలు చేతులెత్తేశాయి, నువ్వు విమానం ఎక్కావు. చేసింది నేనేనని నాకు అనిపించింది. డాక్టరు కాదన్నాడు. ఆయనకేం తెలుసు.

తప్పు నాది. క్షమించమని ఇన్నాళ్ళూ అడగలేదు, అదింకా పెద్ద తప్పు. టేపుల కోసం అడగడం లేదు ఇప్పుడు. ఊరికే అడుగుతున్నాను.

డల్సీ

*

అడిలైడ్
జూన్ 19

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని మూడు వారాలు తిరిగాను. నీమీద కోపం వచ్చిన మాట నిజం. కానీ నువ్వనుకున్నందుకు కాదు.

ఆ పొద్దున నేను సగం నిద్రలో ఉన్నాను. ఏడ్చి ఏడ్చి ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. ఆయన లేవండి అన్నాడు. నేను లేచాను. చుట్టూ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే నేను పొయ్యిలో పుల్ల ఎగదోసి నీళ్ళ డబ్బా కోసం చెయ్యి చాపాను. ఒళ్ళంతా హాయిగా ఉంది వదినా. ఏమీ జరగలేదు, ఆయన పనిలోకి వెళ్ళాడు, ఇంకాసేపట్లో వస్తాడు. అంతలో నువ్వు తీగ పీకావు. ఆయన నాకు చచ్చిపోయింది అప్పుడు, సమాధి దగ్గర కాదు. గొంతు వేసినందుకు కాదు, ఆపినందుకు నీ మొహం చూడలేకపోయాను. పద్ధతి తప్పిన గొంతు విని సంతోషపడ్డానని ఎవరికి చెప్పుకోను? ఇన్నాళ్ళూ సిగ్గుతో చచ్చాను. నీకు క్షమాపణ అక్కర్లేదు. కిడ్నీలు నీవల్ల పోలేదు, అవి మా అమ్మకూ పోయాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. అది ఇంకా సిగ్గుమాలిన సంగతి.

మీ తమ్ముడు పొద్దున్నే ఆ టేపు అవగానే రేడియోలో ఊళ్ళో అందర్నీ పేరుపేరునా పలకరించేవాడు. ఎవరి కళ్ళజోడు క్లినిక్కులో ఉండిపోయిందో, ఎవరి గాడిద తప్పిపోయిందో, అన్నీ చెప్పేవాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మాటలన్నీ అయిపోయేవి. పళ్ళెం ముందు కూర్చుని తల ఊపేవాడు. బాగుందా అంటే ఊపేవాడు, ఇంకాస్త పెట్టనా అంటే ఊపేవాడు. ఊరికి గొంతు, నాకు తలకాయ. పోయాకైనా నాకు మిగలాలనిపించింది. పెట్టెకు తాళం ఉంటే ఆయన ఎవరికీ లేడు. ఎవరికీ లేనివాడు నాకొక్కదానికే ఉన్నట్టు. దీనికి పద్ధతి అని పేరు పెట్టుకుని దాచుకున్నాను. చనిపోయినవాళ్ళ మీద గౌరవం కాదిది, పిసినారితనం.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టు.

ఆల్మా

*

కర్లూ బోరు
జూలై 8

మరదలా,

తిట్టను. చిన్నప్పుడూ వాడంతే. బడిలో కబుర్ల పోగు, ఇంటికొస్తే మూగనోము. మా అమ్మ వాడి నోరు విప్పించడానికి కంగారూ తోక కాల్చి పెట్టేది. అది తినేసి మళ్ళీ తల ఊపేవాడు. వాడితో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన నీకు ఒక్క పెట్టె ఎక్కువా? పెట్టె నీది. నువ్వున్నంతకాలం ఎవరూ తాళం ముట్టుకోరు. నా మంచం కింద ఉంది, నేను దానిమీదే పడుకుంటాను.

చరిత్రలో నాలుగు పేజీలు వదిలెయ్యమని ట్రెవర్‌కి చెప్పాను. ఖాళీ పేజీలు పంపితే లైసెన్సు ఇవ్వరు ఆంటీ అని గొణిగాడు. అవి ఖాళీ కాదు నాయనా, మూసి ఉన్నాయి, అలాగే రాయి అన్నాను. రాశాడు. పొద్దున బకెట్లో నీళ్ళ మీద మంచు పొర కట్టింది. నువ్వు చూస్తే నాకుదామని తహతహలాడేదానివి.

డల్సీ

*

అడిలైడ్
ఆగస్టు 30

వదినా,

మిషను మీద కూర్చున్నప్పుడు నేనొక ఆట ఆడుకుంటాను. కళ్ళు మూసుకుని ఆయన చేత నాతో ఏదో ఒకటి అనిపించుకుంటాను. ఎక్కువేం కాదు, నా పేరు, లేదా టీ అయిందా. ఆ నాలుగు గంటలూ అలా గడిచిపోతాయి.

పోయిన బుధవారం కల వచ్చింది. వాగు ఇసుకలో ఎదురుగా వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, జుట్టుకి దుమ్ము. నన్ను చూసి నోరు తెరిచాడు. లోపల్నుంచి టీవీలో వాతావరణం చెప్పే మనిషి గొంతు వచ్చింది. దక్షిణ తీరంలో జల్లులు పడతాయంది. ఆయన పెదాలు ఆడుతున్నాయి, మాటలు ఆ మనిషివి. నేను కాదు కాదు అంటున్నాను. నర్సు వచ్చి లేపింది.

అప్పటినుంచి మెలకువగా ఉండి ప్రయత్నిస్తున్నాను. లేవండి అన్నది కూడా రావడం లేదు. మాట గుర్తుంది. గొంతు లేదు. మూసిపెడితే నా దగ్గరే ఉంటాడనుకున్నాను వదినా. ఎవరికీ లేకుండా చేస్తే నాకూ లేకుండా పోతున్నాడు. నాకు భయమేస్తోంది.

పెట్టె తెరువు. ముందు మీ అక్కచెల్లెళ్ళు కూర్చుని వినండి, పద్ధతి ప్రకారం ఏడవండి, నా వంతు కూడా మీరే ఏడవండి. తర్వాత రేడియోలో వెయ్యి. పేరు కూడా వదిలేస్తున్నాను. ఎలా రాయాలో మర్చిపోయానేమోనని వేరే కాగితం మీద ముందు రాసి చూసుకున్నాను. రూబెన్. సరిగ్గానే వచ్చింది.

ఆల్మా

*

కర్లూ బోరు
సెప్టెంబరు 29

మరదలా,

ఆదివారం పొద్దున వాగులోకి పెట్టె మోసుకుపోయాం. నలుగురం నేలమీద కూర్చున్నాం. ఆకుల పొగ వేసి తాళం తీశాను. నలభై మూడింటిలో పదకొండు ఎండకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆ పొద్దుటి టేపు కూడా వాటిలోనే ఉంది. నేను లాగినప్పుడే నలిగిందేమో. ఈ మాట నీకు చెప్పకుండా ఉండలేను. మన్నించు, ఈసారి నిజంగానే.

మిగిలినవి పలుకుతున్నాయి. మొదటి మాటకే చెల్లెలు నేలమీద దొర్లింది. నేను ఏడవలేదు, వాడు గిటారు శ్రుతి చేసుకుంటూ దగ్గాడు చూడు, అప్పుడు ఏడ్చాను. నీ వంతు కూడా ఏడ్చాం, గట్టిగానే ఏడ్చాం, దిగులుపడకు. ఆ తర్వాత ఆకలి వేసింది. రొట్టె కాల్చుకుని తింటూ ఇంకో రెండు టేపులు విన్నాం.

లారీ రూబెన్‌కి పేరు అప్పజెప్పాను. లారీ తలుపు మీద తన చేత్తోనే రాసుకున్నాడు, రంగు ఆరకుండానే ఊరంతా తిరిగాడు. ట్రెవర్ మూసిన పేజీలు రాస్తున్నాడు, మొత్తం పన్నెండు వచ్చాయట, పది దాటితే తీసుకోరేమోనని వాడి బాధ.

మన రేడియో నీ దాకా రాదు కదా. అందుకని ఇలా చేద్దాం. పన్నెండో తేదీ ఆదివారం పొద్దున పదింటికి మీ హాస్టలు ఫోన్ దగ్గర ఉండు. స్టేషన్లో ఫోను తీసి స్పీకరు పక్కన పెడతాను. వాడు కట్టిన గాలిమర పాట వేస్తున్నాను. నీకు పెళ్ళికి ముందు పాడి వినిపించాడట, టేపులో వాడే చెప్పాడు. ఆ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదే.

డల్సీ

*

అడిలైడ్
అక్టోబరు 14

వదినా,

తొమ్మిదిన్నరకే వెళ్ళి నడవాలో ఫోను కింద కుర్చీ వేసుకున్నాను. ఆదివారం కదా, ఇళ్ళకు మాట్లాడుకోవాలని నా వెనక నలుగురు ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఒకరిది పడమటి ఎడారి, ఒకరిది సముద్రం పక్క ఊరు. మా ఎవరి భాషా ఇంకొకరికి రాదు. కాసేపే అని బతిమాలాను.

మోగింది. నీ గొంతు, తర్వాత గరగర, తర్వాత ఆయన. రిసీవరు చెవికి అదుముకుని గోడ వైపు తిరిగిపోయాను. ఎవరూ వినకూడదన్నట్టు రెండో చేత్తో కప్పాను కూడా. ముందు పాట ఎవరెవరికో చెప్పాడు. ఎన్ని పేర్లు వదినా, సగం మంది ఇప్పుడు లేరు. నా పేరు లేదు. ఎప్పుడూ ఉండేది కాదు. పాట మొదలైంది. గొంతు నేననుకున్నంత లావుగా లేదు, కొంచెం ముక్కులోంచి వస్తుంది. అది మర్చిపోయాను. నవ్వొచ్చింది.

పడమటి ఆవిడ నా భుజం తట్టింది. ఫోను అడుగుతుందనుకున్నాను. ఇంగ్లీషులో మెల్లగా, "ఎవరమ్మా ఆ పాడేది?" అంది. ఈ రెండేళ్ళ పైచిలుకులో ఆయన్ని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎవరూ అడక్కూడదు కదా. మా ఆయన, రూబెన్ అన్నాను. ఆవిడ చెవి దగ్గరికి తెచ్చింది. నేను ఒక్క క్షణం గట్టిగానే పట్టుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాత రిసీవరు చెవి మీంచి తీసి వాళ్ళ వైపు తిప్పి పట్టుకున్నాను.

నలుగురూ తలలు దగ్గర పెట్టి విన్నారు. ఒకావిడ కాలితో తాళం వేసింది. ఇంకొకావిడ కళ్ళు తుడుచుకుంది, ఎవరు గుర్తొచ్చారో తెలియదు. నా చెయ్యి నొప్పెట్టింది, అయినా దించలేదు. నాకు చివరి చరణం సరిగ్గా వినపడలేదు. వాళ్ళకు వినపడింది.

వచ్చే ఆదివారం మళ్ళీ అదే టైముకి ఫోను పెట్టు, వదినా. మూడో నంబరు గది ఆవిడ ఆ రోజు స్నానంలో ఉండి వినలేదట. అడుగుతోంది.

ఆల్మా